బట్టల క్లిప్పు, గుడ్డ పీలికలు, ఒక దేవదూత

క్రిస్మస్ దగ్గరపడితే మన ఊళ్లలో దర్జీలకు తీరిక ఉండదు. గౌన్లు, జాకెట్లు, చొక్కాలు కుట్టగా మిగిలిన ముక్కలు మిషను కింద కుప్పగా పడి ఉంటాయి. సాయంత్రానికి వాటిని ఊడ్చి పారేస్తారు. ఆ పీలికలతోనూ, ఆరేసిన బట్టలు ఎగిరిపోకుండా తీగకు పెట్టే చెక్క క్లిప్పులతోనూ చిన్న చిన్న దేవదూత బొమ్మలు చేయవచ్చు. క్రిస్మస్ చెట్టు కొమ్మకో, నక్షత్రం కట్టిన దారానికో, కిటికీ తెరకో వాటిని తగిలించవచ్చు. ఖర్చు చాలా తక్కువ.

ఆరోగ్య పత్రికలో బొమ్మల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. దానికి మూడు కారణాలు ఉన్నాయి. ఈ బొమ్మకు కావలసిన వేళ్ల కదలికలు చాలావరకు పక్షవాతం వచ్చిన చేతికి ఫిజియోథెరపిస్టు నేర్పించే కదలికలే. వారాల తరబడి మంచం మీద ఉండే రోగికి రోజులో అరగంట సేపు ఏదో ఒక పని ఉండటం మందులాంటిది. ఇక మూడవది, సూది, కత్తెర, జిగురు ఉన్న చోట జాగ్రత్త లేకపోతే పండుగ పూట గాయాలు తప్పవు. అందుచేత బొమ్మ చేసే విధానాన్నీ, తీసుకోవలసిన జాగ్రత్తలనూ కలిపి రాస్తున్నాను.

క్లిప్పు కథ

స్ప్రింగు ఉన్న బట్టల క్లిప్పుకు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన డేవిడ్ స్మిత్ 1853లో పేటెంటు పొందాడు. అదే రాష్ట్రానికి చెందిన సోలన్ మూర్ 1887లో తీగను చుట్టగా చుట్టి, రెండు చెక్కలను పట్టి ఉంచే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మనం వాడే క్లిప్పు దాదాపు అదే. అంతకు ముందు చీలిక ఉన్న ఒంటి చెక్క మేకులు వాడేవారు. వాటికి పైన గుండ్రని తల, కింద రెండు కాళ్లు ఉండటం వల్ల విదేశాల్లో పిల్లలు వాటికి గుడ్డలు చుట్టి బొమ్మలు చేసుకునేవారు. ఆ అలవాటులోంచే క్లిప్పు దేవదూతలు కూడా వచ్చాయి. ఆ ఒంటి చెక్క మేకులు మన బజారులో దొరకడం కష్టం. స్ప్రింగు క్లిప్పుతోనే చేసే పద్ధతి కింద ఇస్తున్నాను.

ఖాళీగా ఉండే చేతులు

మనవారికి రోగి మీద ప్రేమ ఎక్కువ. ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే అన్నం కలిపి ముద్దలు పెడతారు, తల దువ్వుతారు, జాకెట్టు హుక్కులు కూడా వారే పెడతారు. "నువ్వు కదలకు, మేమున్నాంగా" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది గానీ చేతికి మేలు లేదు. వాడని చెయ్యి క్రమంగా బిగుసుకుపోతుంది. మెదడు కూడా ఆ చేతిని పక్కన పెట్టేసి, అన్ని పనులూ బాగున్న చేతితోనే చేయించడం అలవాటు చేసుకుంటుంది. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల నుంచి ఆరు నెలలలోపు ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత కూడా ఉంటుంది గానీ నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి ఆ తొలి నెలలను పోగొట్టుకోకూడదు.

మా స్త్రీల వార్డులో కుడివైపు పక్షవాతంతో చేరిన ఒక అమ్మ ఉండేది. ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టి ఇద్దరు కొడుకులను పెంచిన మనిషి. బంతి ఇచ్చి నొక్కమంటే "ఇదేం చిన్నపిల్లలాట" అని పక్కన పెట్టేసేది. కోడలు మూడు పూటలా తినిపించేది. డిసెంబరులో మా సిస్టర్లు వార్డుకు బొమ్మలు కుడుతూ ఉంటే ఆమె చాలాసేపు చూసి, "ఆ కుట్టు వంకరగా పోతోంది, ఇటివ్వు" అంది. ఎడమ చేత్తో సూది పట్టుకుంది. గుడ్డ కదలకుండా పట్టి ఉంచడానికి కుడి చెయ్యి కావలసి వచ్చింది. మొదటి రోజు ఆ చెయ్యి గుడ్డ మీద బరువుగా ఆనించి ఉంచడానికే పనికివచ్చింది. మూడవ వారానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ అంచును పట్టుకోగలిగింది. ఇంటికి వెళ్లేనాటికి కూడా కుడి చేత్తో సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. కానీ జాకెట్టు కింది రెండు హుక్కులు తనే పెట్టుకునేది. వచ్చిన వారందరికీ ఆ మాటే చెప్పేది. ఆమె అన్నం ఆమే తినడం మొదలుపెట్టాక కోడలు పక్కన కూర్చుని బొమ్మలకు రెక్కలు కట్టింది.

బొమ్మ కుట్టడం వల్లనే ఆమెకు నయమైందని నేను చెప్పను. మందులు, ఫిజియోథెరపీ, కాలం అన్నీ కలిసి పనిచేశాయి. కానీ బంతి చేయించలేని పనిని గుడ్డ చేయించింది. తనకు తెలిసిన పని, ఎవరో ఒకరికి ఉపయోగపడే పని అయితే రోగి మనసు పెట్టి పదిసార్లయినా చేస్తాడు. చేతికి కావలసింది ఆ పదిసార్లే.

కావలసిన వస్తువులు (ఒక బొమ్మకు)

• స్ప్రింగు ఉన్న చెక్క క్లిప్పు: 1 (సుమారు 7 సెం.మీ. పొడవు)
• గౌనుకు గుడ్డ: 14 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు
• తలకు మెత్తటి నూలు గుడ్డ: 6 సెం.మీ. గుండ్రం. టీ గ్లాసు బోర్లించి పెన్సిలుతో గీస్తే దాదాపు సరిపోతుంది.
• రెక్కలకు గుడ్డ: 10 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు. పాత చీర జరీ అంచు అయితే బాగా నిలబడుతుంది.
• కొద్దిగా శుభ్రమైన దూది, సూది, దారం, కత్తెర, ఫెవికాల్

గౌనుకు నూలు గుడ్డ మంచిది. మంగళగిరి నూలు, పెడన కలంకారీ ముక్కలు చక్కగా మడత పడతాయి. పట్టు ముక్కలు జారిపోతాయి కాబట్టి చేతి పట్టు తక్కువగా ఉన్నవారికి ఇవ్వకండి. ముఖానికి తెల్లగుడ్డే ఉండాలని లేదు. చామనఛాయ గుడ్డ, జుట్టుకు నల్లదారం పెడితే మన ఇంటి బిడ్డలాగే ఉంటుంది. రెక్కల ఆకారం గురించి కూడా దిగులు పడవద్దు. యెషయా గ్రంథం ఆరవ అధ్యాయంలో సెరాపులకు ఆరేసి రెక్కలు ఉన్నాయని ఉంది. లూకా సువార్తలో మరియ దగ్గరకు వచ్చిన గబ్రియేలుకు రెక్కల ప్రస్తావనే లేదు. ఎవరికి వచ్చినట్టు వారు చేయవచ్చు.

చేసే విధానం

1. గుడ్డ ముక్కలను వేడినీటిలో సబ్బుపొడి వేసి ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేయండి. దర్జీ దుకాణం నేల మీద పడిన ముక్కలలో దుమ్ము, వెంట్రుకలు, ఒక్కోసారి విరిగిన సూదులు, గుండుసూదులు ఉంటాయి. నీళ్లలో వేసే ముందు ఒక్కొక్క ముక్కనూ విదిలించి, వెలుగులో పట్టి చూడండి.

2. తల: గుండ్రటి ముక్క అంచుకు అర సెంటీమీటరు లోపలగా చుట్టూ టాకాలు వేయండి. మధ్యలో దూది ఉండ పెట్టి దారం లాగితే సంచీ మూతిలా ముడుచుకుంటుంది. ముడి వేయండి. దారం కత్తిరించవద్దు.

3. గౌను: పొడవాటి అంచు ఒకటి అర సెంటీమీటరు మడిచి కుట్టండి. ఇది కింది అంచు. తర్వాత రెండు పొట్టి అంచులు కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. పై అంచు చుట్టూ టాకాలు వేసి దారం లాగి కుచ్చు పెట్టి ముడి వేయండి.

4. తలకు వదిలిన దారంతోనే తలను గౌను మెడకు నాలుగైదు కుట్లతో గట్టిగా కుట్టండి. తలకు పూస వాడితే సులువే గానీ జిగురు ఊడిన రోజున అది పసిపిల్లల నోటిలోకి పోతుంది. అందుకే గుడ్డ తల మేలు.

5. రెక్కలు: ముక్కను మధ్యలో వేళ్లతో కుదించి దారంతో బిగించి కట్టండి. రెండు వైపులా రెక్కల్లా విచ్చుకుంటుంది.

6. అమరిక: క్లిప్పు పట్టుకునే నోరు కిందికి, మనం నొక్కే చివర పైకి ఉండేలా పట్టుకోండి. ముందు చెక్కకు ఫెవికాల్ పల్చగా రాసి, గౌను కుట్టు ఉన్న వైపును దానికి అంటించండి. తల పై చివర దగ్గరకు రావాలి. రెక్కల మధ్య భాగాన్ని వెనుక చెక్క బయటివైపు అంటించండి. స్ప్రింగుకు జిగురు తగలకూడదు. క్లిప్పు నోటిలో మడిచిన కాగితం పెట్టి ఉంచితే అతుక్కుపోదు.

7. రాత్రంతా ఆరనివ్వండి. మరునాడు పెన్నుతో రెండు చుక్కలు కళ్లుగా పెట్టండి. నల్లదారం నాలుగు వరుసలు తల మీద కుడితే జుట్టు.

కుట్టు తెలిసినవారికి అరగంట పని. రోగి చేత చేయించేటప్పుడు మూడు, నాలుగు పూటలకు పంచండి.

ఏ పని ఏ వేళ్లకు

క్లిప్పును బొటనవేలికీ చూపుడువేలి పక్క భాగానికీ మధ్య పెట్టి నొక్కితే, తాళంచెవి తిప్పేటప్పటి పట్టు బలపడుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటితో నొక్కితే కలం పట్టు, అన్నం ముద్ద పట్టు వస్తాయి. సూది పట్టడం, దూది తుంచడం చిటికె పట్టుకు మంచివి. ఇస్త్రీ చేసిన గుడ్డను అరచేత్తో సాపు చేయడం వేళ్లు చాపడానికి ఉపయోగపడుతుంది. పూర్తయిన బొమ్మలను తీగకు తగిలించి మళ్లీ తీయడంలో భుజం, మోచెయ్యి కూడా కదులుతాయి.

ఒక విషయం తప్పక గుర్తుంచుకోండి. పక్షవాతం తర్వాత కొందరి చెయ్యి పిడికిలిగా బిగుసుకుని ఉంటుంది. అలాంటివారు గట్టి క్లిప్పులను పదే పదే నొక్కితే బిగువు ఇంకా పెరగవచ్చు. వారికి నొక్కే పని కన్నా వేళ్లు విప్పే పని ముఖ్యం. క్లిప్పు ఇచ్చే ముందు ఫిజియోథెరపిస్టును అడగండి.

రోగిని వెన్ను ఆనేలా, పాదాలు నేలకు తగిలేలా కూర్చోబెట్టండి. బలహీనమైన చెయ్యి కిందికి వేలాడకుండా ఎదురుగా బల్ల మీద దిండు వేసి దానిపై ఉంచండి. రెండు చేతులూ చూపుకు కనబడేలా ఉండాలి. కొందరికి పక్షవాతం వచ్చిన వైపు ఏముందో ధ్యాస ఉండదు. అలాంటివారికి రంగు ముక్కలను ఆ వైపే పెట్టి వెతుక్కోమనాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి విశ్రాంతి ఇవ్వాలి. చెయ్యి వాచినా, భుజం నొప్పి అన్నా ఆపేయాలి. తోడున్నవారు చేయవలసిన కష్టమైన పని ఒకటే: రోగి తడబడుతుంటే చేతిలోది లాక్కుని తామే చేయకుండా ఊరుకోవడం.

స్పర్శ తెలియని చేతులు

షుగరు వ్యాధి చాలా ఏళ్లుగా ఉన్నవారికి, కుష్ఠు వ్యాధి వల్ల నరాలు దెబ్బతిన్నవారికి వేళ్లలో స్పర్శ తగ్గుతుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర నుంచి కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. వేళ్లు పోవడానికి కారణం మాంసం దానంతట అది కుళ్లిపోవడం కాదనీ, నొప్పి తెలియక తగిలే చిన్న చిన్న దెబ్బలూ, కాలిన గాయాలూ, వాటికి పట్టే చీమూ అనీ ఆయన చూపించారు. నొప్పి మనకు కాపలా. కాపలా లేని చేతికి కన్నే కాపలా కాయాలి.

ఇలాంటివారు బొమ్మలు చేయకూడదని కాదు. పనికి ముందు, తర్వాత వేళ్లను వెలుగులో చూసుకోవాలి. ఎర్రబడినా, పొక్కు లేచినా, గుచ్చుకున్న గుర్తు ఉన్నా వెంటనే చూపించాలి. సూది పని ఇంకొకరికి ఇచ్చి, వీరు ముక్కలు కొలవడం, అంటించడం, రంగులు జత చేయడం చేయవచ్చు. కుట్టాలనుకుంటే మొనదేలని లావు సూది, దర్జీలు వేలికి పెట్టుకునే లోహపు తొడుగు వాడాలి. క్లిప్పును కూడా అవసరానికి మించి గట్టిగా నొక్కవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారికి కూడా మొనదేలిన సూది ఇవ్వకపోవడమే మంచిది.

జిగురుతో జాగ్రత్త

ఫెవికాల్ వంటి తెల్ల జిగురు నెమ్మదిగా ఆరుతుంది గానీ అపాయం లేనిది. తొందర కోసం వేడి జిగురు తుపాకీ వాడతారు. అందులోంచి వచ్చే జిగురు వేడి రకాన్ని బట్టి సుమారు 120 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చర్మానికి అంటుకుని, తుడిస్తే పోదు. స్పర్శ లేని చేతికి, పిల్లలకు దానిని ఇవ్వవద్దు.

ఫెవిక్విక్ వంటి క్షణాల్లో అతికే జిగురు నూలు గుడ్డ మీద, దూది మీద పడితే రసాయన చర్య వల్ల ఒక్కసారిగా వేడెక్కుతుంది. చర్మం కాలేంత వేడి రావచ్చు, పొగ కూడా రావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. గుడ్డ పనికి ఆ జిగురు వాడనే వద్దు. దానితో వేళ్లు అతుక్కుంటే లాగి విడదీయకండి. గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూయకండి. పొక్కులు చిదపకండి.

సూది గుచ్చుకుంటే

సబ్బు, నీళ్లతో కడగండి. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించవద్దు. రక్తం అంటిన గుడ్డ ముక్కను పారేయండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే సిస్టరును అడగండి. ఒకరి సూది ఒకరు వాడవద్దు. ఒకరికి గుచ్చుకున్న సూది ఇంకొకరికి గుచ్చుకుంటే దాచిపెట్టకుండా వెంటనే చెప్పండి. హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. విషయంలో అవసరమైతే మందు ఇవ్వవచ్చు. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు.

వార్డులో అయితే సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి. ఒకటి తగ్గితే దుప్పట్లు దులిపి దొరికేదాకా వెతకాలి. వార్డులోని పాత దుప్పట్లు, బ్యాండేజీ గుడ్డ, వాడిన గాజుగుడ్డ ఉతికినవైనా సరే బొమ్మలకు వాడకూడదు. గజ్జి ఉన్నవారు చికిత్స పూర్తయ్యాక చేయవచ్చు.

టి.బి. రోగి చేసిన బొమ్మను ఇంట్లో పెట్టుకోవచ్చా అని కొందరు గుసగుసగా అడుగుతారు. పెట్టుకోవచ్చు. ఊపిరితిత్తుల టి.బి. దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుంది గానీ గుడ్డ ముక్కలు, గిన్నెలు ముట్టుకోవడం వల్ల రాదు. కుష్ఠు రోగి చేసిన వస్తువు వల్ల కూడా ఆ జబ్బు రాదు. భయపడి ఆ బొమ్మను పక్కన పెడితే చేసిన మనిషిని పక్కన పెట్టినట్టే అవుతుంది.

ఇంట్లో పసిపిల్లలు ఉంటే

సుమారు 3 సెంటీమీటర్ల కన్నా చిన్నదైన ఏ వస్తువైనా మూడేళ్లలోపు బిడ్డ గొంతుకు అడ్డం పడవచ్చు. బొత్తాలు, పూసలు, చెమ్కీలు, విడిపోయిన క్లిప్పు స్ప్రింగు అన్నీ ఆ లెక్కలోవే. బొమ్మను బిడ్డకు అందనంత ఎత్తులో తగిలించండి. ఇది అలంకరణ వస్తువు, ఆటబొమ్మ కాదు.

బొమ్మ పక్కన పెట్టే చిన్న లైట్లలో గుండ్రటి బొత్తాం బ్యాటరీలు ఉంటాయి. బిడ్డ దానిని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగిందన్న అనుమానం ఉన్నా చాలు, వాంతి చేయించకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. మలంలో వస్తుందేమో చూద్దామని ఆగవద్దు.

కొవ్వొత్తి దగ్గర బొమ్మలు పెట్టకండి. నూలు త్వరగా అంటుకుంటుంది, పాలిస్టరు కరిగి చర్మానికి పట్టుకుంటుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉన్న మంచం దగ్గర కొవ్వొత్తి వెలిగించనే కూడదు. సెలైను స్టాండుకు, ఆక్సిజన్ గొట్టాలకు బొమ్మలు తగిలించకండి.

చివరగా

ఈ క్రిస్మస్‌కు ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడటానికి వచ్చేటప్పుడు బత్తాయిలు, బిస్కెట్లతో పాటు ఉతికిన గుడ్డ ముక్కలు నాలుగు, రెండు క్లిప్పులు తీసుకురండి. సిస్టరును అడిగి, రోగి చేతికి ఏది తగునో తెలుసుకోండి. పక్కన అరగంట కూర్చోండి. బొమ్మ వంకరగా వచ్చినా విప్పి సరిచేయకండి. ఎవరు చేశారని అడిగినవారికి రోగినే జవాబు చెప్పనివ్వండి.